కత్తికి ఏ స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకోవాలి? 304 పలకతో చేసి దెబ్బతిన్నాను

కొత్తకొలిమి:

అందరికీ నమస్కారం. కత్తులు చేయడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. ఇప్పటికి నాలుగు చేశాను, నాలుగూ 1084 కార్బన్ స్టీల్‌వే. ఒక చిన్న గ్యాస్ కొలిమి, నూనె డబ్బా, బెల్ట్ గ్రైండర్, టెంపరింగ్‌కి (గట్టిపడ్డాక పెళుసుదనం తగ్గేలా కొంచెం వేడిలో ఉంచడానికి) ఇంట్లో ఓవెన్, ఇంతే నా సరంజామా. పదును బాగానే నిలుస్తోంది. కానీ ఇంట్లో వాడమని ఇచ్చిన కత్తి రెండో రోజుకే ఎర్రగా తుప్పు పట్టింది. వాడగానే కడిగి, తుడిచి, నూనె రాయాలి అని చెప్తే "కత్తి మనకి పని చెయ్యాలా, మనం కత్తికి చెయ్యాలా?" అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకని ఈసారి స్టెయిన్‌లెస్‌తో చేద్దామని, పడి ఉన్న 3 మిల్లీమీటర్ల 304 పలక ఒకటి తీసుకుని రెండు వారాలు కష్టపడ్డాను. ఆకారం కోశాను, అంచులు దించాను, ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. ఆకురాయి పెడితే జారిపోవాల్సింది పోయి హాయిగా కొరికేస్తోంది. వేడి చాలలేదేమో అని ఇంకా కాల్చి ముంచాను, మళ్ళీ అదే. సరేలే అని సానబడితే మొదటి రోజు కాగితం బాగానే కోసింది, మర్నాటికి అంచు ఒక పక్కకి మడత పడిపోయింది.

నా ప్రశ్నలు: 304 ఎందుకు గట్టిపడలేదు? వంటింటికి ఒకటి, బయట మోటు పనికి ఒకటి చేయాలంటే ఏ స్టీల్ తీసుకోవాలి? నా కొలిమితో అవుతుందా? ఇంకోటి, అయస్కాంతం అంటుకుంటే ఆ స్టీల్ గట్టిపడుతుందని విన్నాను, నిజమేనా? పేర్లు చూస్తుంటే 420, 440, 154, 14 ఏదో 28 ఏదో, లాటరీ నంబర్లు చదువుతున్నట్టుంది.

సానరాయి:

304తో గరిటె చేసుకోవాలి బ్రో, కత్తి కాదు. మిగతాది పెద్దలు చెప్తారు.

పాతఫిట్టర్:

సానరాయి చెప్పింది నిజమే కానీ ఎందుకో కూడా తెలియాలి, లేకపోతే రేపు ఇంకో పలక తెచ్చి ఇదే చేస్తావు బాబూ. నేను చాలా ఏళ్ళు హీట్ ట్రీట్‌మెంట్, అంటే ఉక్కుని కాల్చి చల్లార్చి గట్టిపరిచే షాపులో పనిచేశాను, అందుకే కొంచెం విసుగు పుట్టేలా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఉక్కు గట్టిపడడం అంటే, బాగా కాల్చినప్పుడు లోపల కరిగిన కార్బన్ గబుక్కున చల్లార్చేసరికి బయటికి పోలేక ఇరుక్కుపోవడం. ఆ ఇరుకులో పుట్టేదే మార్టెన్‌సైట్, గట్టిదనం అంతా దానిదే. 304లో ఈ రెండూ జరగవు. కార్బన్ గరిష్ఠంగా 0.08 శాతం, అంటే ఇరుక్కోవడానికి అసలు సరుకే లేదు. పైగా అందులో ఉన్న 8 శాతం నికెల్, ఎర్రగా కాలినప్పుడు ఉండే అమరికనే మామూలు చలిలో కూడా మారకుండా పట్టుకుని ఉంటుంది. దాన్ని నూనెలో ముంచితే ఏమీ మారదు. ఇంకో తమాషా చెప్పనా, ఫ్యాక్టరీల్లో 304ని మెత్తబరచాలంటే చేసే పనే సుమారు 1050 డిగ్రీలకి కాల్చి నీళ్ళలో ముంచడం. నువ్వు గట్టిపరుస్తున్నా అనుకుని రెండుసార్లూ దాదాపు ఆ పనే చేశావు.

అయస్కాంతం సంగతి సగం నిజం, సగం నిజం మహా ప్రమాదం. మెత్తటి 304 అయస్కాంతానికి అంటదు, ఆ మేరకు పరీక్ష పనికొస్తుంది. కానీ 430 అని ఒక స్టెయిన్‌లెస్ ఉంది, చక్కగా అంటుకుంటుంది, గట్టిపడదు. 304ని కూడా వంచి కొట్టి చల్లగానే రేకులా సాగదీస్తే కొంచెం కొంచెం అంటుకోవడం మొదలవుతుంది. కాబట్టి అంటకపోతే పక్కన పడెయ్యి, అంటితే మాత్రం ఏమీ తేలనట్టే లెక్క. కత్తికి దొరికిన ముక్క వాడకు. పేరు, వేడి లెక్కల కాగితంతో సహా అమ్మే స్టీలే కొను.

కార్బన్ ఎంత ఉందో మొదట చూడు. 410లో 0.15 శాతం లోపే, అది కత్తికి చాలదు. 420 అని పేరుండే రకాలు చాలా ఉన్నాయి, వాటిలో 420హెచ్‌సీ అనేదాంట్లో 0.4కి పైన ఉంటుంది, పర్వాలేదనిపించే కత్తి అవుతుంది. 440లో ఏ, బీ, సీ అని మూడు. 440ఏలో 0.60 నుంచి 0.75, 440సీలో 0.95 నుంచి 1.20. వట్టి "440" అని రాసి అమ్మితే అది సీ కాదనే అనుకో, సీ అయితే అమ్మేవాడు ఆ అక్షరం పెద్దగా రాసుకుంటాడు కదా.

నా ఓటు 440సీకే. పాతది, నమ్మకమైనది, అందరికీ హీట్ ట్రీట్‌మెంట్ తెలుసు.

రేణువు:

పాతఫిట్టర్ గారూ, మీరు చెప్పినదాంట్లో చివరి వాక్యంతో మాత్రం నాకు పేచీ ఉంది. మోటు పనికి 440సీ ఓకే, వంటింటికి వద్దండీ.

440సీలో 16 నుంచి 18 శాతం క్రోమియం, ఒక శాతం చుట్టూ కార్బన్. ఆ రెండూ కలిసి కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడే పెద్ద పెద్ద కార్బైడ్ గడ్డలు, అంటే చాలా గట్టి రేణువులు కడతాయి, ఆ తర్వాత ఎంత కాల్చినా అవి పూర్తిగా కరగవు. కంకరలో పెద్ద రాళ్ళున్న కాంక్రీటుతో సన్నటి గోడ కట్టినట్టు ఉంటుంది. అంచు మందంగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, అరుగుదల కూడా తక్కువే. అంచుని బాగా సన్నం చేసి ఒక్కో పక్క 12, 13 డిగ్రీలకి సానబడితే మాత్రం ఆ రాయి ఊడినచోట పెచ్చు లేస్తుంది. నా రెండో వంటింటి కత్తి అలాగే అయింది, లెన్స్‌లో చూస్తే రంపంలా ఉంది.

వంటింటికి ఏఈబీ-ఎల్ చూడండి. ఉడెహోమ్ వాళ్ళ స్టీల్, గడ్డం గీసుకునే బ్లేళ్ళ కోసం పుట్టింది. కార్బన్ 0.67, క్రోమియం 13. ఇందులో చిన్న చిన్న కార్బైడ్లే ఉంటాయి, అందుకే అంచు ఎంత సన్నం చేసినా తట్టుకుంటుంది, సాన మీద నాలుగు రుద్దులకే పదును వచ్చేస్తుంది. దీనికి దాయాది అనదగ్గది 13సీ26, శాండ్విక్‌ది. దానికి మెరుగు చేసిందే మీరు లాటరీ నంబరు అన్న 14సీ28ఎన్: కార్బన్ 0.62, క్రోమియం 14, కొంచెం నైట్రోజన్, 0.11. ఆ నైట్రోజన్ చేసే పని ఏంటంటే, కార్బన్‌లాగే గట్టిదనం ఇస్తుంది కానీ కార్బన్‌లా క్రోమియాన్ని పట్టుకుపోదు, అందుకని తుప్పుకి ఇంకాస్త బాగా ఆగుతుంది. శాండ్విక్ ఆ వ్యాపారం 2022లో విడిపోయి అలైమా అని పేరు మార్చుకుంది, కాబట్టి రెండు పేర్లతోనూ వెతకండి.

క్రోమియం శాతం చూసి కూడా మోసపోవద్దు. తుప్పుని ఆపేది విడిగా ఉన్న క్రోమియం మాత్రమే, కార్బైడ్‌లో ఇరుక్కున్నది కాదు. డీ2 అనే స్టీల్‌లో క్రోమియం సుమారు 12 శాతం, కానీ కార్బన్ 1.5 దాకా ఉంటుంది, అది చాలా క్రోమియాన్ని తినేస్తుంది, అందుకే డీ2 తడిలో వదిలేస్తే మచ్చలు పడుతుంది. మరోవైపు 2021లో వచ్చిన మాగ్నాకట్ అనే స్టీల్‌లో క్రోమియం 10.7 మాత్రమే. అయినా 14 శాతం ఉన్న చాలావాటికంటే బాగా తుప్పుకి నిలుస్తుంది, ఎందుకంటే దాన్ని తయారుచేసిన లారిన్ థామస్ క్రోమియం కార్బైడ్లే మిగలకుండా లెక్క కట్టాడు, అరుగుదలకి వనేడియం, నియోబియం కార్బైడ్లు పెట్టాడు. చదువుతుంటే ముచ్చటేస్తుంది. కానీ మొదటి స్టెయిన్‌లెస్ కత్తికి అది వద్దు, గ్రైండ్ చేసేటప్పుడు బెల్టులు తినేస్తుంది.

పాతఫిట్టర్:

ఒప్పుకుంటున్నాను, మా షాపుకి వచ్చేవన్నీ బేరింగులు, వాల్వులు, అచ్చులు, అంత సన్నటి అంచు మేమెప్పుడూ చూడలేదు. కానీ అట్టపెట్టెలు, తాళ్ళు కోసే కత్తికి మాత్రం 440సీయే ఎక్కువసేపు పదును నిలుపుతుంది, దాంట్లో తగ్గను.

కొత్తకొలిమి:

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ థాంక్స్. అయితే ఏఈబీ-ఎల్ తెచ్చి నా కొలిమిలో కాల్చి నూనెలో ముంచితే అయిపోతుందా? 1084కి నేను అయస్కాంతం వదిలేసేదాకా కాల్చి, ఇంకొంచెం రంగు పెరిగాక ముంచుతాను. దీనికీ అదే పద్ధతా?

పాతఫిట్టర్:

కాదు. ఇక్కడే చాలామంది పడేది.

అయస్కాంతం వదిలేసేది 770 డిగ్రీల దగ్గర. 1084కి 815 చాలు, అంటే ఆ గుర్తు నుంచి ఇంకాస్త దూరమే, కంటితో పట్టుకోవచ్చు, అది కూడా వేడెక్కగానే ముంచేయొచ్చు. ఏఈబీ-ఎల్‌కి 1060 నుంచి 1080 కావాలి, అక్కడ పది పదిహేను నిమిషాలు కదలకుండా నిలబెట్టాలి. ఎందుకంటే స్టెయిన్‌లెస్‌లో కార్బన్ క్రోమియంతో కట్టుకుని ఉంటుంది, అంత వేడిలో, అంతసేపు ఉంటే గానీ విడిపోయి లోపల కరగదు. ఆ వేడిలో రంగు చూసి 30, 40 డిగ్రీల తేడా కనిపెట్టడం నా వల్ల ఎప్పుడూ కాలేదు, ఎవరైనా అవుతుందంటే నమ్మను.

తక్కువైతే ఏమవుతుందో తెలుసు కదా, కార్బన్ చాలినంత కరగదు, మెత్తగా ఉండిపోతుంది, విడి క్రోమియం కూడా తగ్గి తుప్పు పడుతుంది. ఎక్కువైతే? అప్పుడూ మెత్తగానే వస్తుంది! ఎక్కువ కార్బన్ కరిగితే చల్లారాక కూడా కొంత భాగం మార్టెన్‌సైట్ కాకుండా పాత రూపంలోనే మిగిలిపోతుంది. కొత్తవాళ్ళు అది చూసి వేడి చాలలేదనుకుని ఇంకా పెంచుతారు. నీ 304 విషయంలో నువ్వు చేసింది గుర్తుందా, అదే.

కాబట్టి టెంపరేచర్ కంట్రోలర్ ఉన్న కరెంటు ఫర్నేసు కావాలి. గాలి తగిలితే పైపొర పాడవుతుంది కాబట్టి కత్తిని 309 స్టెయిన్‌లెస్ ఫాయిల్‌లో (పల్చటి రేకులో) చుట్టి అంచులు రెండేసి మడతలు వేయాలి. ఆ ఫాయిల్ అంచు బ్లేడు కంటే అన్యాయం, చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకు, నా బొటనవేలి మీద ఇంకా గీత ఉంది. నూనె అక్కర్లేదు. ఫర్నేసులోంచి తీసి అలాగే రెండు మందపాటి అల్యూమినియం పలకల మధ్య పెట్టి బిగిస్తే చాలు, గట్టిపడిపోతుంది, వంకర కూడా పోదు. చల్లారాక వెంటనే పొడి ఐసు కలిపిన ఆల్కహాల్‌లో, మైనస్ 70 దాటాలి, లేదా ద్రవ నైట్రోజన్‌లో పెడితే ఆ మిగిలిపోయిన భాగం కూడా చాలావరకు మారుతుంది. తలుపులు తెరిచి చెయ్యి, ఆ గ్యాసులు గదిలో గాలిని నెట్టేస్తాయి, దగ్గర్లో మంట ఉండకూడదు. చివరికి 175 నుంచి 200 మధ్య రెండేసి గంటలు రెండుసార్లు టెంపరింగ్. అంతా కుదిరితే గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సీ స్కేలు మీద 61, 62 వస్తుంది.

మంచు పని మానేస్తే కత్తి పనికిరాకుండా పోదు, ఒకటి రెండు పాయింట్లు తగ్గుతుందంతే.

రేణువు:

అందుకే నేను చేసేది చెప్తాను కొత్తకొలిమి గారూ: హీట్ ట్రీట్‌మెంట్ నేను చేయను, బయటికి పంపుతాను. అది చిన్నతనం ఏమీ కాదు, పేరున్నవాళ్ళు చాలామంది అదే చేస్తారు. ఆకారం కోసి, పిడి మేకులకి రంధ్రాలు ముందే వేసి పంపండి, గట్టిపడ్డాక మామూలు డ్రిల్ బిట్ దిగదు. నేను మొదటిసారి ఒక రంధ్రం మరిచిపోయి మూడు బిట్లు కాల్చాను. వాదర దగ్గర అర మిల్లీమీటరు పైన మందం ఉంచాలి. వంటింటి కత్తికి వాడే 2 మిల్లీమీటర్ల పలక అయితే అసలు గ్రైండే చేయకుండా పంపి, వచ్చాక మొత్తం దించుకోవడం మేలు, సన్నం చేసి పంపితే అలలు అలలుగా వస్తుంది. స్టీల్ పేరు, మీకు కావాల్సిన గట్టిదనం కాగితం మీద రాసి పంపండి. వంటింటిదానికి 61 అడగండి.

తర్వాత గ్రైండ్ చేసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోకుండా, పక్కన బకెట్‌లో నీళ్ళు పెట్టుకుని చేయండి. చేతికి చురుక్కుమంటే ముంచాలి. కార్బన్ స్టీల్ కంటే ఇది వేడిని నెమ్మదిగా పాకనిస్తుంది, ఆ వేడంతా అంచు దగ్గరే పోగవుతుంది. కంటికి రంగు మారలేదు కదా అని ఊరుకుంటే, అంచు అప్పటికే మెత్తబడి ఉంటుంది.

సుత్తి_మోత:

అందరూ కోసి గ్రైండ్ చేయడం గురించే మాట్లాడుతున్నారు. కొలిమిలో కాల్చి సమ్మెటతో సాగదీసి స్టెయిన్‌లెస్ చేయకూడదా? సుత్తి పట్టకపోతే కత్తి చేసినట్టే ఉండదు నాకు.

పాతఫిట్టర్:

చేయొచ్చు, కానీ ఏడుస్తావు. కొట్టగలిగే వేడి హద్దు చాలా ఇరుకు. కొంచెం చల్లారగానే సుత్తికి లొంగదు, బలవంతపెడితే పగుళ్ళు. పైగా ఇది గాలికే గట్టిపడే రకం, పక్కన పెట్టి టీ తాగి వచ్చేసరికి బిగుసుకుపోయి ఉంటుంది, మళ్ళీ మెత్తబరచడానికి గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చాలి. సుత్తి సరదాకి 1084, 5160 ఉన్నాయిగా.

తడిగుడ్డ:

అసలు స్టెయిన్‌లెస్‌తో కత్తి ఎందుకండీ, పదును నిలవదు. మా ఇంట్లో కొన్నవన్నీ వారానికే మొద్దుబారతాయి. కార్బన్ స్టీల్ వాడి తుడుచుకోవడమే నయం.

రేణువు:

మీ కోపం వందేళ్ళ నాటిది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాల కోసం వెతుకుతూ 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్న ఉక్కు చేసి, ఇది కత్తులకి పనికొస్తుందని చెప్తే, కోయని కత్తులు కనిపెట్టినవాడని ఆయన్ని వెక్కిరించారు. 0.24 కార్బన్‌కి అది కొంతవరకు న్యాయమే. ఇప్పటి కొన్న కత్తుల్లో ఎక్కువగా వాడే 1.4116 అనే స్టెయిన్‌లెస్‌లో కార్బన్ సుమారు 0.5, గట్టిదనం 55, 56 దగ్గర ఉంచుతారు. కింద పడినా విరగకూడదు, ఎవరు ఎలా వాడినా కంపెనీకి తిరిగి రాకూడదు, అందుకని. అదే మీ వారం. ఆ 56ని, ఇక్కడ మాట్లాడుకుంటున్న 61ని ఒకే గాటన కట్టేయొద్దు. అంచు వెనక మందం కూడా చూడండి, చాలా కత్తులు గొడ్డలిలా ఉంటాయి, అలాంటిదానికి ఏ స్టీల్ వేసినా కోయదు.

సానరాయి:

స్టెయిన్‌లెస్ కూడా తుప్పు పడుతుందండోయ్, నాది పట్టింది. 14సీ28ఎన్‌తో ఎంతో మోజుపడి చేసి స్నేహితుడికి ఇస్తే, పది రోజులకి ఫోటో పంపాడు, బ్లేడు నిండా చుక్కలు చుక్కలుగా తుప్పు. స్టీల్ అమ్మినవాళ్ళు మోసం చేశారని తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు నాదే. కార్బన్ స్టీల్ మీద వాడిన బెల్టే, అదే వైర్ బ్రష్షే దీని మీద కూడా వాడాను. ఆ ఇనుప పొడి బ్లేడు గీతల్లో దిగి, తుప్పు పట్టింది అదీ, స్టీల్ కాదు. పైగా 120 గ్రిట్ (ముతక గరుకు) గీతలు అలాగే వదిలేశాను, నీళ్ళు నిలవడానికి కాలువలు తవ్వి ఇచ్చినట్టు. కొత్త గరుకు కాగితంతో 600 దాకా చేతితో రుద్దాక ఇప్పటిదాకా మళ్ళీ రాలేదు.

స్టెయిన్‌లెస్‌కి బెల్టులు వేరే పెట్టుకో బ్రో, వెనకాల మార్కర్‌తో రాసుకో.

కొత్తకొలిమి:

ఇది బాగా పనికొచ్చే మాట, నాకు ఉన్నవన్నీ 1084 మీద వాడిన బెల్టులే.

అయితే ఇలా అనుకుంటున్నాను. వంటింటికి ఏఈబీ-ఎల్, 2 మిల్లీమీటర్లు, రంధ్రాలు వేసి గ్రైండ్ చేయకుండా పంపుతాను. బయట పనిదానికి 440సీయా, 14సీ28ఎన్‌యా తేలలేదు. కట్టెలు చీల్చడం, తాళ్ళు కోయడం, ఒక్కోసారి తడిలోనే ఉండిపోవడం, ఇవీ దాని పనులు. పౌడర్ స్టీల్స్ (ఉక్కుని పొడి చేసి, ఆ పొడిని నొక్కి చేసేవి) అంటారు కదా, ఎస్30వీ లాంటివి, అవి దీనికి బాగుంటాయా?

పాతఫిట్టర్:

కట్టెలు చీలుస్తానంటున్నావు కాబట్టి నా 440సీని నేనే వెనక్కి తీసుకుంటున్నాను. దెబ్బ తగిలే పనికి 14సీ28ఎన్, 4 మిల్లీమీటర్లు, గట్టిదనం 58, 59కి అడుగు, ఒక్కో పక్క 20 డిగ్రీలు. అంతకంటే గట్టిగా అడిగితే ఏ స్టీలైనా పెళుసే.

ఎస్30వీలో 4 శాతం వనేడియం. ఆ వనేడియం కార్బైడ్లు మామూలు అల్యూమినియం ఆక్సైడ్ సానరాయి కంటే గట్టివి, దానికి డైమండ్ పలక కావాలి. నీ దగ్గర ఉందా?

కొత్తకొలిమి:

లేదు. 14సీ28ఎన్ ఖాయం. మరి ఆ 304 కత్తిని ఏం చేయాలి, పిడి కూడా పెట్టేశాను.

సానరాయి:

అంచు మొద్దు చేసి బెల్టుల జిగురు గీకడానికి ఉంచుకో. నాది పదేళ్ళుగా ఆ పనే చేస్తోంది.